పత్రికలో, టీవీలో, హోర్డింగుపై ప్రకటన కొనడం ఎలా?

ఆషాఢం దగ్గరపడుతోందంటే చీరల దుకాణాల వాళ్లకు రెండు బెంగలు. పెళ్లిళ్లు లేని నెలలో సరుకు కదలాలి. అంతవరకూ జాడలేని ప్రకటనల ప్రతినిధులందరికీ సమాధానం చెప్పుకోవాలి. పేపరు వాళ్లు, లోకల్ కేబుల్ వాళ్లు, హోర్డింగుల వాళ్లు వరసగా వచ్చి కూర్చుంటారు. ప్రతి ఒక్కరి దగ్గరా ‘మీకోసమే’ తయారైన ప్యాకేజీ ఒకటి ఉంటుంది, అందులో యాభై శాతం తగ్గింపు ఉంటుంది. దేని మీద యాభై శాతమో అడిగేవాళ్లు తక్కువ. అసలు ధర రాసేదీ, తగ్గించేదీ అమ్మేవాళ్లే కాబట్టి ఆ శాతానికి పెద్ద విలువ లేదు. కొనేవాళ్లు వేసుకోవలసిన లెక్క వేరు.

రాజమహేంద్రవరంలో ఒక మధ్యస్థాయి చీరల దుకాణం ఉందనుకుందాం. ఆషాఢం అమ్మకాల ప్రచారానికి మూడు లక్షలు పక్కన పెట్టారు. ఈ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలి?

1. ముందు పాత బిల్లులు తీయండి

ఎవరినీ పిలవకముందే నిరుటి ఆషాఢం బిల్లులు చూడండి. కొన్నవాళ్లు ఏ ఊళ్ల నుంచి వచ్చారు? ధవళేశ్వరం, కడియం, రాజానగరం సరే, గోదావరి అవతల కొవ్వూరు నుంచి ఎంతమంది? ఇది ఊరికే అడగడం లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు కొవ్వూరు తూర్పుగోదావరిలోకి వచ్చింది. కానీ పత్రిక ఎడిషన్ల హద్దులు, కేబుల్ వాళ్ల హద్దులు జిల్లా పటాన్ని బట్టి గీసినవి కానక్కర్లేదు. మీ ప్రకటన వంతెన దాటుతుందో లేదో ప్రతినిధిని సూటిగా అడిగి, జవాబు రాయించుకోండి.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీటు, సెంటీమీటర్ల స్కేలు, క్యాలెండరు, కెమెరా ఉన్న ఫోను. షీటులో ఒక్కో మాధ్యమానికి ఒక్కో వరస పెట్టి రేటు, పరిమాణం, ఎన్నిసార్లు, జీఎస్టీ, మొత్తం, ఎంతమందికి చేరుతుంది అన్న గడులు గీసుకోండి. చివరి గడి ఖాళీగా ఉన్న వరసకు డబ్బు కట్టకండి.

2. పత్రిక: స్కేలు పట్టుకుని చదవండి

చిన్న ఊరి దుకాణం పెద్ద పత్రికలో ప్రకటన ఇవ్వగలుగుతోందంటే కారణం జిల్లా ఎడిషన్లు. 1989లో ఈనాడు జిల్లా పత్రికలు మొదలుపెట్టింది, తర్వాత మిగతావాళ్లూ అదే దారి పట్టారు. రాష్ట్రమంతటికీ కట్టే ధర కాకుండా మన జిల్లాకు మాత్రమే కట్టే వీలు దాంతోనే వచ్చింది. అందుకే మొదటి ప్రశ్న ‘మెయిన్‌లోనా, జిల్లాలోనా?’

పత్రికలో స్థలాన్ని చదరపు సెంటీమీటర్లలో అమ్ముతారు. ఎత్తు మీ ఇష్టం, వెడల్పు మాత్రం కాలమ్‌లకు సరిపోవాలి. ఆ పత్రికలో ఎన్ని కాలమ్‌లకు ఎన్ని సెంటీమీటర్లో రేట్ కార్డులోనే (పత్రిక ఇచ్చే ధరల పట్టిక) ఉంటుంది. 12 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు తీసుకున్నారనుకోండి, 180 చదరపు సెంటీమీటర్లు. రేటు చదరపు సెంటీమీటరుకు 300 రూపాయలు అనుకుంటే 54,000. దానిపై 5 శాతం జీఎస్టీ 2,700. మొత్తం 56,700. మొదటి పేజీ, మూడో పేజీ, చివరి పేజీ కావాలంటే రేటుపై అదనంగా అడుగుతారు. పేజీ సంఖ్య చెప్పకుండా ‘మంచి చోట వేస్తాం’ అన్నారంటే ఎక్కడైనా వేస్తామని అర్థం.

ఇప్పుడు అసలు లెక్క. ఈ పత్రిక మీ జిల్లాలో 40,000 ప్రతులు అమ్ముడవుతుందనుకుంటే, జీఎస్టీ పక్కన పెట్టి, వెయ్యి ప్రతులకు మీకు పడేది 1,350 రూపాయలు. రెండో పత్రిక ప్రతినిధి 200 రూపాయలకే ఇస్తానన్నాడు. అదే పరిమాణానికి 36,000, చవకే. కానీ ఆ పత్రిక 20,000 ప్రతులే అయితే వెయ్యికి 1,800 పడుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ‘వంద తగ్గించాను సార్’ అంటున్నప్పుడు మీ ఫోన్లోని క్యాలిక్యులేటర్ ఇంకో మాట చెబుతుంటుంది. క్యాలిక్యులేటర్‌నే నమ్మండి.

ప్రతుల సంఖ్య ఎవరి నోటి నుంచి వచ్చినా ఒప్పుకోవద్దు. 1948లో ఏర్పడిన ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ఆరు నెలలకోసారి తన సభ్య పత్రికల అమ్మకాలను ధ్రువీకరిస్తుంది. ఆ ధ్రువపత్రం చూపించమనండి. సభ్యత్వం లేని పత్రికైతే పొద్దున్నే ఐదు గంటలకు పేపర్లు విడదీసే చోటికి వెళ్లి ఏజెంటుతో నాలుగు మాటలు మాట్లాడండి. ఏ పేపరు కట్టలు ఎన్ని దిగుతున్నాయో అక్కడ దాచినా దాగదు. బేరానికి ఇంకో ఆధారం కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ ప్రకటనలకు సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్ నిర్ణయించే రేట్లు బహిరంగమే. ఆ రేటు మీకు ఇవ్వరు, కానీ అడుగున ఎంత దాకా వెళ్లగలరో అంచనా వేసుకోవడానికి పనికొస్తుంది.

3. టీవీ, రేడియో: సెకన్ల బేరం

టీవీలో, రేడియోలో ధర పది సెకన్లకు చెబుతారు. 20 సెకన్ల ప్రకటనను 30 సార్లు వేస్తే 60 యూనిట్లు. పది సెకన్లకు 2,000 అయితే 1,20,000, పైన 18 శాతం జీఎస్టీ. బడ్జెట్ వేసేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఈ తేడానే: పత్రికకు 5, మిగతావాటికి 18.

శాటిలైట్ ఛానళ్లను బార్క్ (ఏ ఛానల్‌ను ఎంతమంది చూస్తున్నారో కొలిచే సంస్థ) రేటింగులతో పోలుస్తారు. ప్రకటన ఒకసారి ప్రసారమైతే ఒక స్పాటు. వేసిన స్పాట్లన్నిటి రేటింగులు కూడితే వచ్చే మొత్తాన్ని జీఆర్పీ అంటారు, ఖర్చును దాంతో భాగిస్తే ఒక్కో పాయింటుకు పడే ధర. రెండు ఛానళ్లను పోల్చేటప్పుడు రెండిటినీ పది సెకన్ల లెక్కకు తెచ్చారా అని చూడండి, ఇక్కడే మాయ జరుగుతుంది. రేటింగుల వివరాలు చందాదారులకే దొరుకుతాయి కాబట్టి ప్రకటనల ఏజెన్సీ ద్వారా అడగాలి.

నిజం చెప్పాలంటే, ఒకే ఊళ్లో ఉన్న దుకాణానికి శాటిలైట్ ఛానల్ దండగ. ఆదిలాబాద్ ప్రేక్షకురాలికి కూడా మీరే డబ్బు కడుతున్నారు. లోకల్ కేబుల్ నయం. దానికి రేటింగులు ఉండవు, కాబట్టి మీ వినియోగదారులున్న రెండు మూడు వీధుల్లో ఎవరింట్లో ఏ కనెక్షన్ ఉందో అడిగి తెలుసుకోండి. రేడియోలో ఉదయం, సాయంత్రం ప్రయాణ వేళలకే గిరాకీ. రేటు తక్కువని చెప్పి మధ్యాహ్నం, అర్ధరాత్రి స్పాట్లు కలిపేస్తారు. గంటలవారీ పట్టిక లేనిదే ఒప్పుకోకండి.

4. హోర్డింగు: రాత్రి వెళ్లి చూడాలి

ఫొటో చూసి హోర్డింగు కొనకూడదు. ఆ ఫొటో ఎప్పుడూ చెట్టు కొమ్మలు కొట్టేసిన రోజే తీసి ఉంటుంది. మోరంపూడి దగ్గర గానీ, కోటిపల్లి బస్టాండు దగ్గర గానీ ఒకటి చూపించారంటే ఊళ్లోకి వచ్చే వైపు నుంచి స్కూటర్ మీద వెళ్లండి. మామూలు వేగంతో పోతూ అక్షరాలు ఎంతసేపు చదవగలుగుతున్నారో గమనించండి. చీకటి పడ్డాక మళ్లీ వెళ్లి దీపాలన్నీ వెలుగుతున్నాయా చూడండి. ఊళ్లోకి వచ్చేవాళ్లకు కనిపించే ముఖానికి, వెళ్లిపోయేవాళ్లకు కనిపించే ముఖానికి ఒకే ధర చెబితే రెండోది వదిలేయండి.

అద్దె నెలకు. ఫ్లెక్సు ముద్రణ, బిగింపు కూలి వేరు. 20×10 అడుగులంటే 200 చదరపు అడుగుల ఫ్లెక్సు. నగరపాలక సంస్థ అనుమతి ప్రతి అడగడానికి మొహమాటపడవద్దు. అనుమతి లేని హోర్డింగును అమ్మకాల మధ్యలో పీకేస్తే మీ డబ్బు వెనక్కి రావడం కష్టం. నిబంధనలు కూడా మారుతుంటాయి. హైదరాబాద్‌లో నేల నుంచి 15 అడుగులకు పైన ప్రకటనలు ఉండకూడదని 2020లో ఉత్తర్వు వచ్చింది.

5. బేరం

రేటు ఒక్కటే బేరమాడే విషయం కాదు. రేటు తగ్గించలేనన్న ప్రతినిధి మూడుసార్లకు ఒకసారి ఉచితంగా ఇవ్వగలడు, పేజీ మార్చగలడు, శుక్రవారం ఇవ్వగలడు. ఉచితం అన్నది ఏ రోజు, ఏ పేజీలో అన్నది మాత్రం అడగాలి. నెల చివర ఆ మనిషికి టార్గెట్ ఉంటుంది, అప్పుడు కూర్చుంటే మాట తేలిగ్గా తెగుతుంది. అలాగని పిండేయకండి. చివరి నిమిషంలో తేదీ మార్చాల్సి వచ్చినప్పుడు రాత్రి ఎనిమిదికి ఫోను ఎత్తేది అతనే.

ఏజెన్సీ ద్వారా వెళితే ఖర్చు పెరుగుతుందనేది పూర్తిగా నిజం కాదు. ఏజెన్సీకి కమీషన్ ఇచ్చేది మామూలుగా మాధ్యమ సంస్థే, ఆనవాయితీగా 15 శాతం. డిజైను ఖర్చు వేరుగా ఉందా, ఆ కమీషన్లో మీకేమైనా వదులుతారా అని అడగండి.

6. రిలీజ్ ఆర్డర్, ఆ తర్వాత

మాట ఎంత మంచిదైనా రిలీజ్ ఆర్డర్ (ప్రకటన వేయమని మీరు రాసిచ్చే ఆర్డరు) లేనిదే కొన్నట్టు కాదు. పత్రిక పేరు, ఎడిషన్, తేదీ, పేజీ, సెంటీమీటర్లలో పరిమాణం, రంగులా నలుపుతెలుపా, రేటు, జీఎస్టీతో మొత్తం, అన్నీ రాయాలి. ‘ఈ తేదీన కుదరకపోతే వేయవద్దు’ అన్న వాక్యం తప్పక చేర్చండి. ఆషాఢం ప్రకటన శ్రావణంలో వస్తే ఏం లాభం? మీ జీఎస్టీ నంబరు కూడా ఇవ్వండి. కాంపోజిషన్ పద్ధతిలో (చిన్న వ్యాపారులు అమ్మకాలపై తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) లేని దుకాణమైతే కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడానికి, వాడుకోవచ్చు.

ప్రకటన వచ్చిన రోజు పేపరు కొని స్కేలుతో కొలవండి. 15 సెంటీమీటర్లకు 14 వస్తే 12 చదరపు సెంటీమీటర్లు పోయినట్టే. టీవీ, రేడియోల నుంచి ఏ సమయంలో ప్రసారమైందో తెలిపే సర్టిఫికెట్, హోర్డింగుకు తేదీ కనిపించే ఫొటోలు, పగలు ఒకటి, రాత్రి ఒకటి, తీసుకోండి. రంగులు చెదిరినా, పేజీ మారినా, స్పాట్లు తగ్గినా బదులుగా మళ్లీ వేయమనండి, లేదా బిల్లు తగ్గించమనండి.

ఏది పని చేసిందో తెలియాలంటే ఒక్కో మాధ్యమానికి ఒక్కో ఫోను నంబరు పెట్టండి. కౌంటర్లో ‘ఎక్కడ చూశారు?’ అని అడిగితే హోర్డింగు చూసి వచ్చినవాళ్లు కూడా ‘పేపర్లో’ అనేస్తారు. పత్రిక ప్రకటనను కత్తిరించి తెచ్చినవాళ్లకు చిన్న తగ్గింపు ఇస్తే ఆ లెక్క కచ్చితంగా దొరుకుతుంది. ఆ కత్తిరింపులను పారేయకుండా తేదీల వారీగా దాచండి, వచ్చే ఏడాది ప్రతినిధి వచ్చినప్పుడు బల్ల మీద పెట్టడానికి.