తేలికైన చక్రాలు వేయించే ముందు ఈ లెక్క చూసుకోండి

బైకుకైనా స్కూటర్‌కైనా అలాయ్ (అల్యూమినియం మిశ్రమంతో చేసిన) చక్రం అంటే తేలిక అనుకుని డబ్బులు పెట్టేయకండి. పోత పోసిన మామూలు అలాయ్ కొన్ని బళ్లకు స్పోక్ చక్రం కంటే బరువే ఉంటుంది, కాబట్టి ముందు రెండింటినీ తూకం వేయించండి, అదీ టైరూ బ్రేకు డిస్కూ లేకుండా. రిమ్ము అంచున 1 కిలో తగ్గితే బండి వేగం అందుకునేటప్పుడు దాదాపు 2 కిలోలు తగ్గినంత లాభం, ఎందుకంటే ఆ బరువును ముందుకు తోయడమే కాదు, తిప్పాలి కూడా. బాగానే ఉంది, కానీ మనిషితో కలిపి 170 కిలోలుండే స్కూటర్‌లో అది ఒక శాతం పైచిలుకు, మైలేజీలో మీకు తేడా తెలియదు.

అసలు తేడా సస్పెన్షన్‌లో. చక్రం బరువు స్ప్రింగుల కింద ఉంటుంది, అది తగ్గితే గతుకుల మీద టైరు రోడ్డును బాగా పట్టుకుంటుంది, మలుపుల్లో బండి చురుగ్గా వాలుతుంది. ట్రాక్ మీద నడిపేవాళ్లకు ఫోర్జ్‌డ్ చక్రాలు (పోత పోయకుండా లోహాన్ని గట్టిగా నొక్కి చేసినవి) నిజంగా పనికొస్తాయి.

రోజూ ఆఫీసుకెళ్లే బండికైతే టైర్లు మార్చేటప్పుడే తేలికైనవి చూడండి, టైరు రిమ్ము కంటే బయట తిరుగుతుంది కదా. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) మాత్రం కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు. పేరూ ఊరూ లేని చవక రిమ్ములు గుంతలో పడి పగిలితే ప్రాణం మీదకొస్తుంది, దయచేసి వాటి జోలికి పోకండి. స్పోక్ నుంచి అలాయ్‌కి మారాలనుంటే ట్యూబ్‌లెస్ కోసం మారండి, మేకు దిగినా చాలాసార్లు గాలి మెల్లగానే దిగుతుంది, చక్రం విప్పకుండానే పంక్చర్ వేయించుకోవచ్చు.