మనవల స్కూల్ ప్రాజెక్టుకి కెనడా సిపాయి ఫైలు చదవడం ఎలా

యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే నవంబర్ 11 దగ్గర పడుతోందంటే కెనడా స్కూళ్లలో పిల్లలకి యుద్ధంలో పోయిన ఒక సిపాయి గురించి రాసుకురమ్మని చెబుతుంటారు, బరంపురంలో ఉన్న తాతయ్యకీ అమ్మమ్మకీ వీడియో కాల్‌లో పని పడుతుంది. పేరు, ఊరు, చనిపోయిన తేదీ రాసేసి ముగించకండి దయచేసి. పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఎలా బతికాడో సైన్యం అతని గురించి ఉంచిన ఫైల్లోనే ఉంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధమైతే సులువు. అక్కడి పాత ప్రభుత్వ రికార్డులు దాచే సంస్థ లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా 6 లక్షల 20 వేలకు పైగా ఫైళ్లు స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. పేరుతో వెతికితే అదే పేరున్నవాళ్లు బోలెడుమంది వస్తారు, అందుకే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్లో సమాధి వివరాలతో పాటు ఇచ్చే సర్వీస్ నంబరు ముందు పట్టుకోండి. రెండో యుద్ధంలో చనిపోయినవాళ్ల ఫైళ్లు కూడా చూడొచ్చు, బతికి వచ్చినవాళ్లవి అంత తేలిగ్గా ఇవ్వరు. ఒక్క మాట, బరంపురం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నట్టే న్యూఫౌండ్‌లాండ్ 1949 దాకా కెనడాలో లేదు, కాబట్టి అక్కడి దళంలో చేరిన కుర్రాళ్ల రికార్డులు వేరుగా వెతకాలి.

ఫైల్లో మొదట అటెస్టేషన్ పేపర్ తెరవండి, అంటే సైన్యంలో చేరేటప్పుడు నింపిన కాగితం. ఎత్తు, ఛాతీ కొలత, కళ్ల రంగు, చేసే పని, ఒంటి మీద మచ్చలు, అతని సంతకం, అన్నీ అందులోనే. పుట్టిన తేదీ మాత్రం వెంటనే నమ్మొద్దు. 18 నిండాలని రూల్ ఉండేది, వయసు పెంచి చెప్పి చేరిపోయిన పిల్లలు వేలల్లో ఉన్నారు. 1901 జనాభా లెక్కల్లో పుట్టిన తేదీ రాశారు, దానితో సరిచూడండి, అందులో లేకపోతే 1911వి చూడండి.

తర్వాత జీతం కార్డు. మామూలు సిపాయికి రోజుకి డాలరు పది సెంట్లు, అందులోంచి నెలనెలా ఇంటికి ఎంత పంపేవాడో, ఎవరి పేరున పంపేవాడో ఉంటుంది. పెళ్లికాని కుర్రాడైతే చాలాసార్లు అక్కడ అమ్మ పేరే కనిపిస్తుంది. పిల్లలకి ఈ పేజీ తప్పకుండా చూపించండి.

పొట్టి అక్షరాల దగ్గర తికమక పడొద్దు: టీఓఎస్ అంటే ఆ దళం లెక్కలోకి తీసుకున్నారని, ఎస్ఓఎస్ అంటే లెక్కలోంచి తీసేశారని, సాయం కోసం పిలుపు కాదు. జీఎస్‌డబ్ల్యూ అంటే తూటా గాయం, కానీ షెల్ ముక్క తగిలినా అదే రాసేవారు. చోటు దగ్గర 'ఫీల్డ్' (యుద్ధరంగం) అని మాత్రమే ఉంటే అదే తేదీకి ఆ బెటాలియన్ వార్ డైరీ, అంటే ఆ దళం ఏ రోజుకారోజు రాసుకున్న డైరీ, తీయండి. సిపాయి పేరు అందులో ఉండటం అరుదు, కానీ ఆ రోజు వాన పడిందా, కందకంలో ఉన్నారా, వెనక్కి వచ్చి స్నానాలు చేశారా తెలుస్తుంది.

బతికి బయటపడ్డవాడైనా పరవాలేదు, మన తీరంతో ముడిపడ్డవాడు కావాలంటే కెనడా వైమానిక దళం పైలట్ లెనార్డ్ బిర్చాల్ గురించి రాయించండి. 1942 ఏప్రిల్ 4న, 26 ఏళ్ల వయసులో, శ్రీలంక దగ్గర జపాన్ నౌకాదళాన్ని విమానం మీంచి చూసి రేడియోలో కబురు పంపుతుండగానే కూల్చేశారు, యుద్ధం అయ్యేదాకా ఖైదీగా ఉన్నాడు. రెండు రోజులకే, ఏప్రిల్ 6న, విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఇంట్లో ఆనాటి సంగతులు విన్న పెద్దవాళ్లెవరైనా ఉంటే ఫోన్ వాళ్ల చేతికిచ్చి మనవలతో నేరుగా మాట్లాడించండి.