శిలారోహకుల పరిభాష – మూడవ పాఠం: తాడు మీది కేకలు, ఎక్కిన తీరుకు పేర్లు

గత రెండు పాఠాలలో రాతి మీది పట్టుల పేర్లను, వాటిపై వాడే కదలికల పేర్లను నేర్చుకున్నాము. చేతినిండా అందే పట్టును జగ్ అనీ, వేలికొసలకు మాత్రమే చోటిచ్చే సన్నని అంచును క్రింప్ అనీ, అంచంటూ లేక వాలుగా జారే ఉబ్బును స్లోపర్ అనీ ఈపాటికి చూడగానే చెప్పగలగాలి. వాటిలో ఒకదానికి బదులు మరొకటి అన్నా వచ్చే నష్టం లేదు. పక్కవారు నవ్వి సరిదిద్దుతారు. ఈ పాఠంలో మొదట వచ్చే మాటలు అటువంటివి కావు. తాడుకు ఒక కొసన ఎక్కేవారు, మరో కొసన ఆ తాడును అదుపు చేసే బిలేయర్ ఉన్నప్పుడు, వారిద్దరి మధ్య నడిచే మాటలలో పొరపాటుకు తావుండకూడదు.

నేల విడవకముందు ఎక్కేవారు "ఆన్ బిలే?" అని అడుగుతారు. బిలేయర్ తన పరికరంలో తాడు సరిగ్గా ఎక్కిందా, కారబినర్‌కు (తెరిచి మూసే లోహపు కొక్కెం) తాళం పడిందా, ఎదుటివారి హార్నెస్‌కు (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలు) వేసిన ముడి సక్రమంగా ఉందా అని కంటితో చూసి, చేతితో తడిమి, ఆ తరువాతనే "బిలే ఆన్" అని బదులివ్వాలి. ఆపై ఎక్కేవారు "క్లైంబింగ్" అంటే, కిందివారు "క్లైంబ్ ఆన్" అంటారు. రోజూ వల్లించే ఈ నాలుగు మాటలు తంతుగా మారిపోయే ప్రమాదం ఉన్నది. తనిఖీ చేయకుండా పలికిన "బిలే ఆన్" వట్టి శబ్దమే.

పైకి వెళ్లాక ముఖ్యమైనవి రెండు కేకలు. "టేక్" అంటే నా బరువు తాడుపై వేయబోతున్నాను, బిగించి పట్టుకో అని అర్థం. "స్లాక్" అంటే తాడు వదులు చేయమని. కొత్తవారు ఈ రెండింటినీ కలిపి "టేక్ ద స్లాక్" అని అరుస్తుంటారు. గాలి హోరులో మొదటి ముక్క కొట్టుకుపోయి కింద "స్లాక్" ఒక్కటే వినబడితే, బిలేయర్ కోరినదానికి సరిగ్గా విరుద్ధమైన పని చేస్తారు. వేలాడే ఉద్దేశం లేకుండా వదులు తాడును కాస్త లాగమని చెప్పడానికి "అప్ రోప్" అనే వేరే కేక ఉన్నది, దానినే వాడండి. పడిపోయేలా ఉన్నానని హెచ్చరించడానికి "వాచ్ మీ", పడుతున్నప్పుడు "ఫాలింగ్" అంటారు. పైనుంచి ఏది జారినా, అది రాయైనా నీళ్ల సీసా అయినా, "రాక్!" అనే అరవాలి. ఆ కేక విన్నవారు తల ఎత్తి చూడకుండా గోడకు ఆనుకొని నిలబడాలి. తలెత్తితే దెబ్బ ముఖం మీద పడుతుంది.

ఇక అన్నిటికన్నా మెలకువ అవసరమైన చోటు దారి చివరనున్న యాంకర్, అంటే తాడు తగిలించడానికి రాతిలో స్థిరంగా ఉంచిన ఆధారం. అక్కడికి చేరినవారు కిందికి రావడానికి రెండు మార్గాలున్నాయి: బిలేయర్ తాడు మెల్లగా వదులుతుండగా దిగడం, దీనిని లోయర్ అంటారు, లేదా తమను తాము యాంకర్‌కు తగిలించుకొని, సొంత పరికరంతో తాడు వెంట జారడం, దీనిని రాపెల్ అంటారు. రెండవ మార్గం ఎంచుకున్నవారు మాత్రమే "ఆఫ్ బిలే" అనాలి. ఆ మాట విని, పైవారు భద్రంగా ఉన్నారని నమ్మి, బిలేయర్ తన పరికరం నుంచి తాడు తీసేస్తారు. పైవారు ఊపిరి పీల్చుకోవడానికి ఆ మాట అని, తరువాత లోయర్ చేస్తారన్న ధీమాతో వెనక్కి వాలితే, ఆ తాడును పట్టుకున్నవారు ఎవరూ ఉండరు. అనుభవజ్ఞులకు సైతం ఇటువంటి ప్రమాదాలు జరిగాయి. అందువల్ల ఎలా దిగేదీ నేల మీదనే తేల్చుకోవాలి. యాంకర్ వద్ద వెనక్కి వాలేముందు కిందివారి తాడు బిగువు తమ నడుముకు తెలిసేదాకా ఆగాలి. ఈ కేకలు బిలే చేయడాన్ని నేర్పవు. అది శిక్షకుల ఎదుట చేతులతో నేర్వవలసిన విద్య.

రెండవ భాగం ఎక్కిన తీరును చెప్పే మాటలు. ఒక దారి గురించి ముందుగా ఏమీ తెలియకుండా, ఎవరూ ఎక్కుతుండగా చూడకుండా, మొదటి ప్రయత్నంలోనే తాడుపై వేలాడకుండా పైకి చేరితే అది ఆన్‌సైట్. సమాచారం తెలుసుకొని మొదటి ప్రయత్నంలో ఎక్కితే ఫ్లాష్. ఎన్నోసార్లు పడి, సాధన చేసి, చివరకు నేల నుంచి కొస దాకా పడకుండా ముందుండి, అంటే తాడును తామే పైకి తీసుకెళుతూ, ఎక్కితే రెడ్‌పాయింట్. ఈ చివరి మాట జర్మనీలోని ఫ్రాంకెన్‌యురా కొండల నుంచి వచ్చింది. అక్కడ 1975లో కుర్ట్ ఆల్బర్ట్, రాతిలో దిగగొట్టిన మేకులను పట్టుకోకుండా, వాటిపై నిలబడకుండా పూర్తిగా ఎక్కగలిగిన దారి మొదట్లో ఎర్రని చుక్క పెట్టసాగాడు.

దారిని గురించిన ఆ సమాచారానికి బీటా అని పేరు. బీటామాక్స్ వీడియో టేపుల పేరు నుంచి అమెరికన్ అధిరోహకుడు జాక్ మిలెస్కీ దీనిని వాడుకలోకి తెచ్చాడని చెబుతారు. అడగకుండా బీటా కురిపించడాన్ని స్ప్రే అంటారు, ఇది ఎదుటివారి ఆన్‌సైట్‌ను శాశ్వతంగా పోగొడుతుంది కనుక, "బీటా కావాలా?" అని ముందు అడగడం మర్యాద. ఆన్‌సైట్, ఫ్లాష్, రెడ్‌పాయింట్ అనే మూడింటికీ బదులుగా చాలామంది ఇప్పుడు "సెండ్ చేశాను" అని ఊరుకుంటారు. ఆ మాట ఉత్సాహాన్ని చెబుతుంది గాని ఎక్కిన తీరును చెప్పదు. సరైన పేరు వాడితేనే చేసిన పనికి లెక్క సరిపోతుందని నా అభిప్రాయం.

మిగిలిన యాస మాటలు వినగా వినగా వచ్చేవే. ముంజేతులు ఉబ్బి పట్టు సడలడం పంప్, పెళుసుగా రాలే రాయి చాస్, పొడవైన పతనం విప్పర్, అసలు కష్టం కన్నా తక్కువ గ్రేడు ఇచ్చిన దారి శాండ్‌బ్యాగ్.

అభ్యాసం. కింది సందర్భాలకు పేరు చెప్పండి. ఒకటి: స్నేహితుడు ఎక్కుతుండగా చూసి, వెంటనే మీరు తొలిసారే పడకుండా ఎక్కారు. రెండు: ఏమీ తెలియని దారిలో నాలుగవ బోల్టు (తాడు తగిలించడానికి రాతిలో బిగించిన మేకు) వద్ద "టేక్" అని ఒకసారి వేలాడి, అక్కడి నుంచి పైకి చేరారు. మూడు: ఏమీ తెలియని దారిలో సగం ఎక్కాక, కింద ఎవరో మీరు అడగకుండానే "ఎడమ కాలు పైకి పెట్టు" అని అరిచారు, మీరు పడకుండా ముగించారు.

జవాబులు. మొదటిది ఫ్లాష్, చూడడం కూడా బీటాయే. రెండవది పై మూడింటిలో ఏదీ కాదు, ఒక హ్యాంగ్‌తో ఎక్కారంటారు. మరోసారి నేల నుంచి వేలాడకుండా ఎక్కితే అప్పుడు రెడ్‌పాయింట్. మూడవదానిలో, నియమం కచ్చితంగా పాటించేవారి లెక్కన ఆన్‌సైట్ పోయి ఫ్లాష్ మిగులుతుంది. తప్పు మీది కాకపోయినా సరే.