సోలార్ ప్లేట్లున్న ఇల్లు అమ్మాలంటే ముందు కరెంటు బిల్లులు వెతకండి

మా వనస్థలిపురం ఇల్లు 200 గజాలు. కింద ఒక పోర్షను, పైన ఒకటి. డాబా మీద 335 వాట్ల ప్లేట్లు తొమ్మిది, అంటే 3 కిలోవాట్లు. 2021లో మావారు దగ్గరుండి పెట్టించారు. ఆయన పోయాక, నా మోకాళ్లు మొరాయించాక, మియాపూర్‌లో అమ్మాయి వాళ్ల పక్కనే చిన్న ఫ్లాట్ చూసుకుని ఆ ఇల్లు అమ్మేశాను. అమ్మడానికి ఐదు నెలలు పట్టింది. అందులో రెండు నెలలు సోలార్ దగ్గరే పోయాయి. తప్పు సోలార్‌ది కాదు, నాది.

అన్నిటికన్నా ముందు కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉందో చూసుకోండి. ఇల్లు నా పేరున, కరెంటు మావారి పేరున. ఏళ్లుగా బిల్లు కడుతున్నాం, ఎవరూ ఏమీ అడగలేదు కనక నాకూ తట్టలేదు. బయానా ఇచ్చే రోజున కొనేవాళ్ల లాయరు కాగితాలన్నీ తిరగేసి, "ఇల్లు మీరు అమ్ముతున్నారు సరే, సోలార్ ఎవరు అమ్ముతున్నారు మేడమ్?" అన్నాడు. నెట్ మీటర్ అంటే మనం వాడిన కరెంటునూ, ప్లేట్ల నుంచి బయటికి పంపిన కరెంటునూ రెండిటినీ లెక్కగట్టే మీటరు. దాని ఒప్పందం సర్వీసు ఎవరి పేరున ఉంటే వాళ్లతోనే ఉంటుంది. మరణ ధ్రువపత్రం, మీసేవ నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అమ్మాయీ అబ్బాయీ తమకు అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం, ఇంటి దస్తావేజు నకలు, ఇవన్నీ పట్టుకుని ముందు సర్వీసు నా పేరు మీదకు మార్చుకుని, అప్పుడు అమ్మకానికి కదిలాను. అబ్బాయి పుణెలో ఉండటంతో ఆ ఒక్క సంతకానికే మూడు వారాలు. మీ ఇంట్లో పేర్ల తేడా ఉంటే అమ్మకానికి బోర్డు పెట్టకముందే సరిచేసుకోండి. బిల్లు మీది యూఎస్‌సీ నంబరు, అంటే మీ కరెంటు కనెక్షన్ గుర్తింపు నంబరు, రాసి పెట్టుకోండి, ప్రతిచోటా అదే అడుగుతారు.

సోలార్ కోసం బ్యాంకులో లోను తీసుకుని ఉంటే అది తీర్చేసి, బాకీ లేదని ఉత్తరం తెచ్చుకోండి. చిన్న లోను కదా అని వదిలేయొద్దు. ఇంటి ఈసీలో, అంటే ఇంటి మీది తాకట్లూ లావాదేవీలూ చూపే పత్రంలో, అది కనపడకపోవచ్చు, కానీ తర్వాత బయటపడితే మాట పోయేది మీదే.

ఇక అసలు విషయం. కొనేవాళ్లను డాబా మీదకు తీసుకెళ్లి ప్లేట్లు చూపిస్తే తలూపుతారు, అంతే. నమ్మకం కుదిరేది బిల్లులు చూశాకే. రెండేళ్ల బిల్లులు నెలవారీగా పేర్చి, పక్కన ఇన్వర్టర్ (ప్లేట్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) యాప్‌లోని ఉత్పత్తి లెక్క రాయండి. ఇక్కడ చాలామంది పొరపడతారు. బిల్లులో కనపడే ఎక్స్‌పోర్ట్ యూనిట్లు, అంటే మన ఇంటి నుంచి బయటి లైన్లలోకి వెళ్లినవి, మొత్తం ఉత్పత్తి కాదు. పగలు మన ఫ్రిజ్జు, మోటారు, ఏసీ నేరుగా వాడేసుకున్న కరెంటు మీటర్‌దాకా రానే రాదు. మొదట చూడ్డానికొచ్చిన ఒకాయన మా బిల్లు చూసి, "మూడు కిలోవాట్లకు ఇంతేనా?" అని పెదవి విరిచాడు. ఆ నెల ఎక్స్‌పోర్ట్ 190, అసలు ఉత్పత్తి 330. యాప్ తెరిచి చూపించేలోపే చెప్పులు వేసుకున్నాడు. హైదరాబాద్‌లో కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లని లెక్క. వానాకాలం తగ్గుతుంది. మే ఎండ చూసి అదే పెద్ద నెల అనుకుంటారు గానీ ప్లేటు వేడెక్కితే దాని శక్తి తగ్గుతుంది. మాకు మార్చి నెలే బాగుండేది.

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను, కాబట్టి ఇది కాస్త ఓపిగ్గా చదవండి. ఒకే ప్లేట్లు అందరికీ ఒకే విలువ చేయవు. నేను లెక్క వేసినప్పటి రేట్ల ప్రకారం నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి 200కీ యూనిట్‌కు 5.10 రూపాయలు, ఆపై వందకు 7.70, ఆ తర్వాతి వందకు 9. చివరికి ఇల్లు కొన్న దంపతులకు రెండు ఏసీలు, నెలకు 370 యూనిట్ల వాడకం. సోలార్ లేకపోతే 2,420 రూపాయలు. మా ప్లేట్లు సగటున 320 ఇస్తే మిగిలేది 50 యూనిట్లు, అంత తక్కువ వాడకానికి ఉండే 1.95 రేటు చొప్పున వంద రూపాయల లోపు. ఫిక్స్‌డ్ చార్జీలవీ పక్కన పెడితే ఏడాదికి దాదాపు 28 వేలు మిగులు. అంతకుముందు వచ్చిన రిటైరైన జంటది నెలకు 150 యూనిట్లు. 200 దాటరు కనక రేటూ తక్కువే, సోలార్ లేకపోయినా వాళ్ల బిల్లు 580, అంటే ఏడాదికి 7 వేలే. తెల్ల రేషన్ కార్డుండి గృహజ్యోతి వస్తున్నవాళ్లకు 200 యూనిట్ల లోపు అసలే ఉచితం, వాళ్లకు మన ప్లేట్లు బట్టలారేసుకోవడానికి అడ్డం. అందుకే ధర మాట్లాడేముందు "మీకు నెలకు ఎన్ని యూనిట్లు వస్తాయండీ?" అని అడగండి. బ్రోకర్‌కీ చెప్పి పెట్టండి, ఏసీలున్న కుటుంబాలను తెమ్మని.

ధర విషయంలో నేను మొదట పప్పులో కాలేశాను. ఎలివేటెడ్ స్ట్రక్చరుతో, అంటే ప్లేట్లను ఎత్తులో నిలబెట్టే స్టాండుతో, కలిపి లక్షన్నర పెట్టాం కదా, అంతా రావాలనుకున్నాను. కొనే అబ్బాయి నెమ్మదిగా, "ఆంటీ, ఇప్పుడు కొత్తది పెట్టుకుంటే కేంద్రం సూర్యఘర్ పథకం కింద 78 వేలు సబ్సిడీ, జీఎస్టీ కూడా 12 నుంచి 5 శాతానికి తగ్గింది" అన్నాడు. నిజమే. మన ఖర్చు మనకు గుర్తు, వాళ్లకు కాదు. ఈ రోజు కొత్తది ఎంతకొస్తుందో కొటేషన్ తెప్పించుకుని, అందులోంచి వాడిన ఏళ్లు తీసి అడగండి. ఇంటి ధర మీద 80 వేలకు తెగింది. ప్లేట్లు విప్పుకుని పట్టుకుపోదామని మా అబ్బాయి అన్నాడు గానీ, అపార్టుమెంటు డాబా అందరిదీ. విప్పడం, మోయడం, మళ్లీ నెట్ మీటర్‌కు దరఖాస్తు, అదంతా దండగ.

డాబా మీద అడిగే ప్రశ్నలు రెండే, లీకేజీ, వాస్తు. స్ట్రక్చరు కాళ్ల కింద స్లాబుకు రంధ్రాలు పడ్డాయా అని అడుగుతారు. మాకు సిమెంటు దిమ్మెలు పోసి వాటికే బోల్టులు బిగించారు. కింది గది సీలింగ్ చూపించాను, మరక లేదు. వీలైతే ఒక వానాకాలం గడిచాక అమ్మకానికి పెట్టండి, మాట ఖర్చు తగ్గుతుంది. కొన్న అబ్బాయి వాళ్లమ్మ మాత్రం ఈశాన్యంలో బరువుందని పట్టుకున్నారు. తొమ్మిది ప్లేట్లూ కలిపినా దాదాపు రెండు క్వింటాళ్లేనని చెప్పాను, వాదించలేదు. వాస్తు ప్రకారమే నైరుతిలో కట్టిన వాటర్ ట్యాంకు నీడ సాయంత్రం ఈశాన్యం వైపు ప్లేట్ల మీద పడేది, నాలుగింటికే రెండు ప్లేట్ల ఉత్పత్తి పడిపోయేది. అదీ దాచలేదు. పక్క ఖాళీ ప్లాటులో రేపు నాలుగంతస్తులు లేస్తే నీడ ఎటు పడుతుందో కూడా వాళ్లకు చూపించండి.

ఇంకో మాట ముందే చెప్పేయండి. బ్యాటరీ లేని సోలార్ కరెంటు పోతే పనిచేయదు. లైన్‌మన్ స్తంభం మీద ఉన్నప్పుడు మన ఇంటి కరెంటు తీగల్లోకి వెళ్లకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. "ఎండ మండిపోతుంటే ఫ్యాను తిరగదేంటి" అని గృహప్రవేశం మర్నాడు ఫోన్ రాకుండా ఉండాలంటే ఈ ముక్క నోటితో చెప్పాలి.

మాకు ప్లేట్లు పెట్టిన సంస్థ రెండేళ్లకే ఫోన్ ఎత్తడం మానేసింది. అయినా ప్లేట్ల వారంటీ తయారీదారుది. సాధారణంగా వాటి ఉత్పత్తికి 25 ఏళ్ల హామీ ఉంటుంది, ఇన్వర్టర్‌కు అంతకన్నా చాలా తక్కువ. కాబట్టి ఇన్వాయిస్, వారంటీ కార్డులు, ప్లేట్ల వెనక సీరియల్ నంబర్ల ఫొటోలు ఒక ఫైలులో పెట్టండి. అగ్రిమెంటులో "సోలార్ ప్లాంటుతో సహా" అని ఊరికే రాస్తే చాలదు. ఎన్ని ప్లేట్లు, ఏ కంపెనీ, ఇన్వర్టర్ మోడల్, నెట్ మీటర్ నంబరు, అన్నీ అగ్రిమెంటు చివర ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో ఎక్కించండి. తాళాలిచ్చే రోజు మీటర్‌లో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రెండు రీడింగులూ ఫొటో తీసి, మిగులు యూనిట్లు ఎవరివో రాసుకోండి. నేనవి వాళ్లకే వదిలేశాను.

రిజిస్ట్రేషన్ అయ్యాక సర్వీసు, నెట్ మీటర్ ఒప్పందం వాళ్ల పేర మార్పించడానికి ఆ అబ్బాయితో కలిసి కరెంటు సెక్షన్ ఆఫీసుకు నేనే వెళ్లాను. ఇన్వర్టర్ యాప్ అకౌంటు మావారి మెయిల్ మీద ఉండేది, దాన్నీ మార్చి ఇచ్చాను. ప్లేట్లు కడిగే పొడుగు కర్ర బ్రష్షు మెట్ల కింద ఉందని చూపించాను. పొద్దున ఆరింటికి, ప్లేట్లు చల్లగా ఉన్నప్పుడే కడగమన్నాను. బోరు నీళ్లు వద్దు, తెల్లటి చారలు కడతాయి. మునిసిపల్ కుళాయి నీళ్లొచ్చే రోజున రెండు బకెట్లు పట్టుకుంటే చాలు.