డీలర్ మీట్ పెడుతున్నారా? దారి ముందే చెప్పండి, భోజనం ముందే అడగండి

విజయవాడ ఎంజీ రోడ్డు మీది హోటల్లో డీలర్ మీట్ పెడితే, గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు లొకేషన్ పిన్ ఒక్కటే పంపి ఊరుకోకండి. "వారధి దాటాక ఫ్లైఓవర్ ఎక్కకండి సార్, కింది రోడ్డులోనే వచ్చి బెంజ్ సర్కిల్ దగ్గర ఎడమకు తిరగండి" అని ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. పైకి ఎక్కారంటే సర్కిల్ దాటిపోయి, సాయంత్రం ట్రాఫిక్‌లో మళ్లీ వెనక్కి రావాల్సిందే. పని మానుకుని అంత దూరం నుంచి వచ్చిన పెద్దమనిషి చిరాకుతో హాల్లో అడుగుపెడితే, మనం వేసే స్లైడ్లు ఏం చూస్తారు?

ముందురోజు ఫోన్ చేసినప్పుడే "నాన్‌వెజ్ తింటారా?" అని కూడా అడిగెయ్యండి. శనివారమో, కార్తీక మాసమో అయితే వెజ్ ప్లేట్లు బాగా పెరుగుతాయి. ఆ లెక్క బాంక్వెట్ మేనేజర్‌కు వాట్సాప్‌లో రాసి పంపండి. నోటిమాటగా చెబితే బిల్లు దగ్గర పేచీ వస్తుంది. వెజ్ కౌంటర్ దూరంగా, గరిటెలు కలవకుండా పెట్టించండి. ఈ విషయంలో నేనైతే అస్సలు రాజీపడను.

డ్రైవర్ల భోజనాలు విడిగా లెక్క చెప్పి, అతిథుల కంటే ముందే వడ్డించమనండి. రాత్రిపూట వాళ్లు ఆకలితో హైవే ఎక్కకూడదు.