లూపస్ ఉన్నవారు కిడ్నీలను కనిపెట్టుకుని ఉండడం ఎలా?

చెన్నై పెరంబూరులో ఉంటున్న మా చెల్లెలికి లూపస్ అని తేలి నాలుగేళ్లయింది. కీళ్ల నొప్పులు తగ్గాయి, బుగ్గల మీద ఎరుపు మాసిపోయింది. ఇక గండం గడిచిందనుకున్న సమయంలోనే మూత్ర పరీక్షలో ప్రొటీన్ ‘మూడు ప్లస్’ అని, అంటే బాగా ఎక్కువగా పోతోందని వచ్చింది. నొప్పి లేదు, జ్వరం లేదు. కిడ్నీలు వాచినా ఒంటికి తెలియకపోవచ్చు. ఈ జబ్బులో నన్ను ఎక్కువ భయపెట్టేది అదే.

ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ ఒంటి మీదికే తిరగబడడం లూపస్. ఆ దెబ్బ కిడ్నీల్లోని వడపోత మీద పడితే లూపస్ నెఫ్రైటిస్. జల్లెడ చిరిగితే నూక కూడా జారిపోయినట్టు, రక్తంలో ఉండవలసిన ప్రొటీన్ మూత్రంలోకి పోతుంది.

ముందు ఇంట్లో చూసుకోవలసినవి. పొద్దున లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బు ఉందేమో అద్దంలో చూడండి. సాయంత్రం చీలమండకు కాస్త పైన, ఎముక మీద బొటనవేలితో ఐదారు సెకన్లు నొక్కి వదలండి. గుంట పడి అలాగే నిలిస్తే అది నీరు. చెన్నైలో రోజంతా నిలబడి బస్సు ప్రయాణం చేస్తే ఎవరి కాళ్లయినా కొంచెం ఉబ్బుతాయి కనుక, రాత్రి పడుకుని లేచినా తగ్గకపోతే పట్టించుకోవాలి. మూత్రంలో ఒకరోజు నురుగు కనిపిస్తే కంగారు వద్దు. రోజూ కనిపిస్తున్నా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తున్నా డాక్టర్‌కు చెప్పండి. బీపీ మిషన్ కొనుక్కుని వారానికి రెండుసార్లు చూసి నోటుబుక్కులో రాయండి. ఈ లక్షణాలేవీ లేకపోయినా, డాక్టర్ చెప్పిన గడువుకు మూత్ర పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి మూత్రంలోకి పంపే వ్యర్థం) రక్త పరీక్ష మానకండి.

తర్వాతిది 24 గంటల మూత్రం పట్టడం. ఇక్కడే మేము పప్పులో కాలేశాం. క్యాన్ ఇంట్లో పెట్టి చెల్లెలు ఆఫీసుకు వెళ్లింది. అక్కడ పోసింది పట్టలేదు. “రెండుసార్లే కదా అక్కా” అంది. ప్రొటీన్ 700 మిల్లీగ్రాములు వచ్చిందని సంతోషించాం. డాక్టర్ మొత్తం మూత్రం ఎంతో చూసి, ఇది ఒక రోజుది కాదని మళ్లీ పట్టమన్నారు. రెండోసారి 1,400 వచ్చింది.

సరైన పద్ధతి ఇది. సెలవు రోజు ఎంచుకోండి, నెలసరి రోజులు వద్దు. ఉదయం ఆరింటికి లేచి మొదటి మూత్రం బయటకే వదిలేసి, ఆ సమయం క్యాన్ మీద రాయండి. ఆ తర్వాత ప్రతి చుక్కా క్యాన్‌లోకే. మరుసటి రోజు సరిగ్గా ఆరింటికి వచ్చింది కూడా అందులో కలపాలి. మల విసర్జనకు వెళ్లే ముందే మూత్రం వేరుగా పట్టుకోండి. ఈ ఊరి ఎండకు క్యాన్‌ను ఫ్రిజ్‌లో గానీ ఐస్ పెట్టిన బకెట్‌లో గానీ ఉంచాలి. ఇంత తంటా వద్దనుకుంటే, ఒక్కసారి పట్టిన మూత్రంతో ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి చూస్తారు. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కు వెళితే అంకెలు పోల్చుకోవడం తేలిక.

రోజుకు 500 మిల్లీగ్రాములు దాటితే సాధారణంగా బయాప్సీ మాట వస్తుంది. పేరు వినగానే బెదిరిపోకండి. బోర్లా పడుకోబెట్టి, మత్తు సూది వేసి, స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో చిన్న ముక్క తీస్తారు. తర్వాత కొన్ని గంటలు వెల్లకిలా కదలకుండా పడుకోవడమే మా చెల్లెలికి కష్టమైంది. ఆస్పిరిన్, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. వాపును ఆరు తరగతులుగా విభజిస్తారు. మూడు, నాలుగు తరగతులకు గట్టి చికిత్స కావాలి. ఏ మందు ఎంత అన్నది దాన్ని బట్టే తేలుతుంది కనుక బయాప్సీ తప్పించుకోవాలని చూడకండి.

మందుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ దాదాపు అందరికీ ఇస్తారు. దానికి కంటి పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. స్టెరాయిడ్ వల్ల ముఖం ఉబ్బిందని ఒక్కసారిగా మానేయడం ప్రమాదం, తగ్గించడం డాక్టర్ పని. రోగనిరోధక వ్యవస్థను అణచే మైకోఫినోలేట్ వాడుతున్నప్పుడు గర్భం రాకూడదు. పెళ్లయినవారు ఈ మాట సిగ్గుపడకుండా ముందే అడగాలి.

ఉప్పు తగ్గించాలి. అప్పడాలు, ఊరగాయలు మా ఇంట్లో పెద్ద యుద్ధమే అయ్యాయి. క్రియాటినిన్ పెరిగి ఉంటే కొబ్బరి నీళ్లు కూడా అడిగి తాగాలి, వాటిలో పొటాషియం ఎక్కువ. ఒళ్లు నొప్పులని మందుల షాపులో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకోకండి, కిడ్నీకి అవి చేటు. ఎండ తగిలితే లూపస్ రెచ్చిపోతుంది, మెరీనాకు వెళ్లాలంటే పొద్దు వాలాకే.

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నైకి చూపించుకోవడానికి వచ్చేవారు పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైలులో పెట్టుకోండి. తమిళంలో మూత్రాన్ని సిరునీర్ అనీ, కిడ్నీని సిరునీరగం అనీ అంటారు, ల్యాబ్ కౌంటర్ దగ్గర పనికొస్తుంది. మూత్రం బాగా తగ్గిపోయినా, ఆయాసం వచ్చినా, బీపీ పెరిగి తలనొప్పితో చూపు మసకబారినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఫైలు ఇంట్లో మరిచిపోతే వెనక్కి తిరగకండి, రిపోర్టుల ఫొటోలు ఫోనులో ఉంటే చాలు.