రష్యా గ్రామీణ రయోన్ భౌగోళిక, జనాభా వివరాలను తెలుగులో రాసే విధానం

రష్యాలో రయోన్ అనే పరిపాలనా విభాగం ఒకటుంది; అలాంటి ఒక గ్రామీణ రయోన్‌ను తెలుగులో పరిచయం చేయదలచినవారు ముందుగా తేల్చుకోవలసింది ఆ మాటను ఏమని రాయాలన్నదే. హనుమకొండలో భూగోళం చదివే విద్యార్థుల చిత్తుప్రతులు దిద్దుతున్నప్పుడు నాకు ఎక్కువగా ఎదురయ్యే తప్పు అక్కడే మొదలవుతుంది. ఇంగ్లీషులో డిస్ట్రిక్ట్ అని కనబడగానే వారు జిల్లా అని రాసేస్తారు. ఆబ్లాస్ట్, క్రాయ్, రిపబ్లిక్ వంటి పెద్ద విభాగాల కింద ఉండేది రయోన్. 1985లో మన దగ్గర తాలూకాల స్థానంలో మండలాలు వచ్చినట్టుగానే, 1920లలో సోవియట్ ప్రభుత్వం పాత ఉయెజ్ద్, వొలొస్త్ విభాగాలను తొలగించి రయోన్లను ఏర్పరచింది. కాబట్టి రయోన్ అనే ఉంచి, అది ఏ పెద్ద విభాగం కిందికి వస్తుందో మొదటి వాక్యంలోనే చెప్పడం మేలు. అక్త్యాబ్ర్‌స్కీ, కీరొవ్‌స్కీ వంటి పేర్లతో రయోన్లు చాలాచోట్ల ఉన్నందున పై విభాగం పేరు లేని వాక్యం ఎందుకూ కొరగాదు. నగరాల లోపలి భాగాలను కూడా రయోన్లనే అంటారన్నది మరో చిక్కు.

తరువాత విస్తీర్ణం. ఉదాహరణకు సైబీరియా ఈశాన్యాన ఉన్న సఖా రిపబ్లిక్‌లోని ఓయ్‌మ్యాకోన్‌స్కీ రయోన్‌ను తీసుకుందాం. అక్కడివారు దీన్ని ఉలుస్ అంటారు. దీని వైశాల్యం సుమారు 92 వేల చదరపు కిలోమీటర్లు, 2010 జనగణన ప్రకారం జనాభా 10,109. ఒక విద్యార్థి ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి, జనాభా దగ్గర పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి, "సార్, ఎక్కడో ఒక సున్నా పోయినట్టుంది" అన్నాడు. పోలేదు. 12,846 చదరపు కిలోమీటర్ల ఉమ్మడి వరంగల్ జిల్లా వంటివి ఏడు పట్టేంత నేల అది; మన ఒక్క ఉమ్మడి జిల్లాలోనే 2011లో 35 లక్షల మంది ఉండగా, అక్కడ ఏడింటి మీదా కలిపి పది వేల మంది. జనసాంద్రతను 0.11 అని రాస్తే చదువరికి ఏమీ తోచదు. తొమ్మిది చదరపు కిలోమీటర్లకు ఒక్క మనిషి అని రాస్తే తెలుస్తుంది.

అంత పలుచగా మనుషులు ఎందుకున్నారో భౌగోళిక భాగమే చెప్పాలి. పర్వతాలు, నదులు, వాతావరణం అని శీర్షికలు పెట్టి నింపుకుంటూ పోవడం కన్నా, అవి ఒకదాన్నొకటి ఎలా కట్టడి చేస్తున్నాయో చూపడం ముఖ్యం. ఇక్కడ నేల అడుగున ఏడాది పొడవునా మంచు గట్టిపడి ఉండడం వల్ల సేద్యానికి వీలు తక్కువ. గుర్రాలు, రెయిన్‌డీర్ల పెంపకం, బంగారు గనులు జీవనాధారాలయ్యాయి. 1933 ఫిబ్రవరిలో మైనస్ 67.7 డిగ్రీలు నమోదైన ఓయ్‌మ్యాకోన్ పేరే రయోన్‌కు ఉన్నా, పరిపాలనా కేంద్రం మాత్రం ఆ పల్లె కాదు, ఉస్త్-నేరా. ఉస్త్ అంటే నదీముఖం. నేరా నది ఇందిగిర్కలో కలిసే చోటు అది, మన కాళేశ్వరం దగ్గర ప్రాణహిత గోదావరిలో కలిసినట్టు. స్థలనామంలోనే భౌగోళికం దాగి ఉన్నప్పుడు దాన్ని విప్పి చెప్పడానికి ఒక వాక్యం ఖర్చుపెట్టవచ్చు.

జనాభా భాగంలో ఒక్క సంవత్సరపు అంకె చాలదు. 1989, 2002, 2010, 2021 జనగణనల అంకెలను వరుసగా పట్టికలో పెట్టాలి. ఓయ్‌మ్యాకోన్‌స్కీలో 1989లో 30 వేలు దాటిన జనాభా 2010 నాటికి మూడో వంతుకు పడిపోయింది. సోవియట్ యూనియన్ కూలిన తరువాత ఉత్తరాది గని పట్టణాలకు ప్రభుత్వ ఆసరా తగ్గి, బతుకుదెరువుకు వచ్చినవారు తిరిగి వెళ్లిపోయారు. ఈ సంగతి లేకుండా పట్టిక మూగది. స్త్రీ పురుష నిష్పత్తి దగ్గర మన అలవాటు కొంత తడబాటు తెస్తుంది: 2011లో తెలంగాణలో వెయ్యి మంది పురుషులకు 988 మంది స్త్రీలు, 2010లో రష్యా మొత్తం మీద 1,163 మంది. అది అచ్చుతప్పు కాదు.

సరిహద్దులు మారాయేమో చూడకుండా రెండు జనగణనలను పోల్చకూడదు. ఇది మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2016లో జిల్లాలు విడిపోయాక, 2011 నాటి వరంగల్ అంకెను ఇప్పటి వరంగల్ జిల్లాకు తగిలించి రాసినవారిని చూస్తూనే ఉన్నాం. రష్యాలో 2003 నాటి స్థానిక స్వపరిపాలన చట్టం తరువాత అదే రయోన్‌ను మునిసిపల్ విభాగంగా కూడా లెక్కించసాగారు, ఇటీవల కొన్నిచోట్ల వాటిని మునిసిపల్ ఒక్రుగ్‌లు అనే మరో రకం స్థానిక పాలనా విభాగాలుగా మార్చారు.

ఊళ్ల పట్టికలో సెలో, దెరెవ్న్యా అని రెండు రకాలు కనిపిస్తాయి. పూర్వం చర్చి ఉన్న ఊరు సెలో, లేనిది దెరెవ్న్యా. రెండింటినీ పల్లె అని కలిపేయకుండా వేరుగానే ఉంచాలి. 2010 నాటికి రష్యాలో మనిషి లేని గ్రామాలు 19 వేలకు పైగా లెక్కలో ఉన్నాయి కనుక, మీ రయోన్‌లోనూ అలాంటివి తగలవచ్చు. వాటిని పట్టిక నుంచి తీసివేయకండి, గడిని ఖాళీగానూ వదలకండి. ఖాళీ గడి చూసినవారు వివరం దొరకలేదనుకుంటారు. సున్నా అని రాయండి.